ప్రజాభిప్రాయ పరిశోధకుల సంఘములు: నాయకత్వ ధర్మము

(రాచర్లలో పంచాయతీ సభ్యుల సమావేశమున సమాచార శాఖ ప్రచారాధికారి చేసిన ప్రసంగ పాఠము)



నేను మాటలాడబోవు విషయము మొదట వినినప్పుడు మనకు చాల దూరమైనదిగా తోచవచ్చును. ప్రజల అభిప్రాయమును సేకరించి లెక్కగట్టుట ఒక వృత్తి. న్యాయవాదులకును, వైద్యులకును సంఘములున్నట్లే ఈ వృత్తివారికిని సంఘములు కలవు. ఒక దేశమునకు, ఒక ప్రాంతమునకు, ప్రపంచమంతటికి వేరువేరుగా ఉన్నవి. వానికి అధ్యక్షులు, కార్యవర్గములు, నియమావళులు కలవు. ఆ నాయకత్వము ఎట్టిది, దాని బాధ్యత యేమి, దానినుండి పంచాయతీ నేర్చుకొనదగినది యేమి అను మూడు సంగతులు మీకు మనవి చేసెదను.

రాచర్ల మండలములోని వార్డు సభ్యునకు దీనితో పనియేమని మీరడుగవచ్చును. పని కలదు. మీ చేతిలోని ఫోను మ్రోగును. రికార్డు చేసిన గొంతు ఒకటి ఫలానా సేవ మీకు తృప్తికరముగా ఉన్నదా, ఉన్నచో ఒకటి నొక్కుడు, లేనిచో రెండు నొక్కుడు అని పలుకును. ఎన్నికలు వచ్చినచో టెలివిజనులో ఫలానా పక్షమునకు ఇన్ని స్థానములని పట్టికలు వచ్చును. ఈ అంకెలనుబట్టి అధికారులు పనులను నిర్ణయింతురు, ఓటర్లు గాలి ఎటు వీచుచున్నదో అంచనా వేయుదురు. నీటి ట్యాంకు ఏ వీధికి రావలెను, రోడ్డు ఏ కాలనీకి పడవలెను అనునది ఇట్టి అంకెపై ఆధారపడవచ్చును. అంకె తప్పైనచో నష్టపోవునది అంకె చెప్పినవాడు కాదు, ఆ కాలనీవాడు. కనుక అంకె వెనుక పూచీపడువారెవరు అను ప్రశ్న మన ప్రశ్నయే.

మెతుకు పట్టి చూచు విద్య

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు మెతుకు పట్టి చూచినచో చాలును, కుండెడు అన్నమును పిసికి చూడనక్కరలేదు. అభిప్రాయ పరిశోధనకు మూలమిదియే. లక్షలమందిలో వెయ్యిమందిని సరియైన పద్ధతిని ఎన్నుకొని అడిగినచో అందరి మనస్సును సుమారుగా చెప్పవచ్చును. వెయ్యిమందిని చీట్లు తీసినట్లు పక్షపాతము లేకుండ ఎన్నుకొన్నప్పుడు లెక్కలో అటు మూడు శాతము, ఇటు మూడు శాతము తేడా ఉండవచ్చునని గణితశాస్త్రము చెప్పుచున్నది. జనాభా లక్షయైనను కోటియైనను ఈ తేడా దాదాపు ఒక్కటియే.

అయితే మెతుకు ఎక్కడినుండి తీసితిమి అనునదే ముఖ్యము. మిరపకాయల బస్తా కొనువాడు సంచి మూతివద్ద కాయలను చూచి ధర చెప్పడు, లోపలికి చేయి పెట్టి తీసి చూచును. మూతివద్ద మంచి సరుకును పెట్టుట అందరెరిగిన విద్యయే కదా. ఊరిలోకూడ అంతే. రచ్చబండవద్ద కూర్చున్న పదిమందిని అడిగి ఊరిమాట తెలిసినదనుకొనుట బస్తా మూతిని చూచి బేరమాడుటయే యగును.

ఈ సత్యమునకు ప్రసిద్ధమైన ఉదాహరణము అమెరికాలో 1936లో జరిగినది. లిటరరీ డైజెస్టు అను పత్రిక అధ్యక్ష ఎన్నికకు ముందు సుమారు ఒక కోటిమందికి కార్డులు పంపి, 20 లక్షలకు మించిన సమాధానములు తెప్పించెను. ల్యాండన్ గెలుచునని ప్రకటించెను. రూజ్‌వెల్టు 48 రాష్ట్రములలో 46 గెలిచెను. ఆ పత్రిక చిరునామాలను టెలిఫోను పుస్తకములనుండియు, మోటారుకార్ల జాబితాలనుండియు ఎక్కువగా తీసికొనెను. ఆ కాలమున ఫోనును, కారును పేదవాని ఇంట లేవు. జార్జి గాలప్ అను ఆయన అంతకన్న చాల తక్కువ మందిని అడిగి రూజ్‌వెల్టు గెలుచునని సరిగా చెప్పెను. ఎంతమందిని అడిగితివి అనుటకంటె ఎవరిని అడిగితివి అనునది పెద్ద ప్రశ్న యని లోకమునకు ఆనాడు తెలిసినది.

సంఘముల పుట్టుక

1946లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున సెంట్రల్ సిటీ అను చిన్న గని పట్టణములో హ్యారీ ఫీల్డు అను ఆయన ఈ వృత్తివారినందరిని ఒక సమావేశమునకు పిలిచెను. ఆయన డెన్వరు నగరములోని జాతీయ అభిప్రాయ పరిశోధన కేంద్రమునకు సంచాలకుడు. వ్యాపార సంస్థలలో పనిచేయువారు, విశ్వవిద్యాలయములలోని పండితులు, ప్రభుత్వోద్యోగులు ఒకచోట కూర్చుండి మాటలాడుట మొదటిసారి. ఆ సంవత్సరమే ఫీల్డు విమాన ప్రమాదమున మరణించెను. అయినను ఆయన వేసిన విత్తు మొలకెత్తెను. 1947లో విలియమ్స్‌టౌను అను పట్టణమున రెండవ సమావేశము జరిగి అమెరికా ప్రజాభిప్రాయ పరిశోధక సంఘమును, ప్రపంచ ప్రజాభిప్రాయ పరిశోధక సంఘమును ఏర్పడినవి. అమెరికా సంఘమునకు క్లైడ్ హార్టు తొలి అధ్యక్షుడయ్యెను. క్రమముగా ప్రాంతీయ సంఘములు పుట్టినవి. అమెరికాలో పసిఫిక్ తీరమునకు, మధ్య పశ్చిమమునకు వేరువేరు శాఖలున్నవి. ప్రపంచ సంఘమునకు ఆసియా పసిఫిక్ ప్రాంతపు శాఖ కలదు.

ఈ సంఘములలో నాయకుని ఎన్నుకొను రీతి గమనింపదగినది. అమెరికా సంఘమున సభ్యులు ఉపాధ్యక్షుని ఎన్నుకొందురు. ఆయన ఒక సంవత్సరము పని నేర్చుకొనును, రెండవ సంవత్సరము అధ్యక్షుడగును, మూడవ సంవత్సరము మాజీ అధ్యక్షుడుగా కార్యవర్గములో ఉండి కొత్తవానికి సలహా చెప్పును. పదవికి ముందు శిక్షణ, పదవి తరువాత సేవ యని దీని భావము. మన పంచాయతీలలో పదవి పోయిన సర్పంచి కార్యాలయము గడప తొక్కుటయే మానివేయును, కొత్తగా వచ్చినవాడు పాతవానిని పిలువడు. చేసిన పని నష్టపోవుటకు, అప్పుల లెక్కలు తెలియకపోవుటకు ఇదియొక కారణము. ఆ సంఘముల ఆచారములో మనకు తీసికొనదగిన మొదటి పాఠమిది.

అంచనా తప్పినప్పుడు నాయకుడు

సంఘము పుట్టిన మరుసటి యేడే పరీక్ష వచ్చినది. 1948లో అధ్యక్ష ఎన్నికలో డ్యూయీ గెలుచునని గాలప్, రోపర్, క్రాస్లీ అను ముగ్గురు ప్రముఖులును చెప్పిరి. ట్రూమన్ గెలిచెను. ఊరూరా నవ్వులపాలైరి. అట్టి వేళ నాయకులు ఏమి చేయవలెను? ఓటర్లు చివరి క్షణమున మనస్సు మార్చుకొనిరని చేతులు కడుగుకొనవచ్చును. అట్లు చేయలేదు. సాంఘికశాస్త్ర పరిశోధనా మండలి నియమించిన సంఘమునకు వారు తమ కాగితములను అందజేసిరి. ఎన్నికకు చాల ముందుగా అడుగుట ఆపివేయుట, ఇన్ని మంది పురుషులు, ఇన్ని మంది స్త్రీలు, ఇన్ని మంది ధనికులని వాటాలు మాత్రము నిర్ణయించి, ఆ వాటాలో ఎవరిని అడుగవలెనో అడుగువాని ఇష్టమునకు విడిచిపెట్టుట మొదలగు లోపములు బయటపడినవి. తరువాతి కాలమున చీట్లు తీసినట్లు ఎన్నుకొను పద్ధతి బలపడినది.

ఆ సంప్రదాయము నేటికిని నిలిచినది. 2016 అధ్యక్ష ఎన్నిక లెక్కలపై అమెరికా సంఘము తన సభ్యులతోనే ఒక పరిశీలనా సంఘమును నియమించి 2017లో నివేదిక ప్రకటించెను. 2020 ఎన్నిక లెక్కలపై 2021లో మరియొక నివేదిక వచ్చినది. ఆ యేటి పొరపాటు గత 40 సంవత్సరములలో మిక్కిలి పెద్దదని అందు స్పష్టముగా వ్రాసిరి. తమ తప్పును తామే కొలిచి ప్రజల ముందుంచిన సంఘమునకు గౌరవము తగ్గలేదు, నిలిచినది.

లెక్క విప్పి చూపుట

రెండవ ధర్మము లెక్కను విప్పి చూపుట. అమెరికా సంఘము 1960లో వృత్తి నియమావళిని ఆమోదించెను. దాని సారము ఇది: నీవు అంకె ప్రకటించితివా, ఆ అంకె ఎట్లు వచ్చినదో చెప్పుము. ఎవరు డబ్బిచ్చిరి, ఎవరు అడిగిరి, ఎంతమందిని అడిగిరి, వారిని ఏ జాబితానుండి ఎట్లు ఎన్నుకొనిరి, ఏ దినములలో అడిగిరి, ప్రశ్నలోని మాటలు యథాతథముగా ఏమి, తేడా ఎంత ఉండవచ్చును అనునవి దాచరాదు.

నియమము కాగితముపై వ్రాయుట సులభము. అమలుపరచుటలోనే నాయకత్వము తెలియును. ఇరాక్ యుద్ధమున మరణించినవారి సంఖ్యపై పేరెన్నికగన్న ఒక విశ్వవిద్యాలయ పరిశోధకుడు చేసిన సర్వేలోని మూలవివరములను సంఘము కోరినది. ఆయన ఇచ్చుటకు నిరాకరించెను. 2009లో సంఘము ఆయన నియమావళిని ఉల్లంఘించినట్లు బహిరంగముగా ప్రకటించెను. ఆ అంకె తప్పని సంఘము అనలేదు. దాచుటయే తప్పని చెప్పినది. ఈ భేదము మనము మరువరాదు. పంచాయతీలో ఖర్చు సక్రమమే కావచ్చును. బిల్లు చూపనన్న సభ్యునిపై మాత్రము అనుమానము తప్పదు. 2014లో ఆ సంఘము మరియొక మెట్టు ఎక్కి, తమ పద్ధతులను వెల్లడించుటకు ముందుగానే ఒప్పుకొను సంస్థలను గుర్తించు పథకమును ప్రారంభించెను.

ఒత్తిడికి లొంగకుండుట

మూడవ ధర్మము ధైర్యము. అధికారమున ఉన్నవారికి అంకె నచ్చకపోవచ్చును. 2000 సంవత్సరమున హాంకాంగులో జరిగిన సంగతి వినుడు. ఆసియాలో ఈ వృత్తికి పేరు తెచ్చినవారిలో ఒకరైన రాబర్టు చుంగ్ అక్కడి విశ్వవిద్యాలయములో అభిప్రాయ సేకరణ కార్యక్రమమును నడిపెడివారు. ముఖ్యపాలకుని ప్రజాదరణ తగ్గుచున్నదని ఆ లెక్కలు చూపుచుండెను. ఈ సర్వేలు మానవలెనని తనకు పరోక్షముగా సూచనలు వచ్చినవని ఆయన పత్రికలో వ్రాసెను. విశ్వవిద్యాలయము విచారణ సంఘమును నియమించెను. బహిరంగ విచారణ జరిగినది. ఆయన మాటకు బలము చేకూరినది. ఆ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడు రాజీనామా చేసెను.

ఫిలిప్పీన్స్ దేశమున మరియొక విధముగా జరిగినది. ఎన్నికలకు ముందు కొన్ని దినములు సర్వేల ప్రకటనను నిషేధించిన చట్టమును సోషల్ వెదర్ స్టేషన్స్ అను సర్వే సంస్థ న్యాయస్థానమున ఎదిరించెను. 2001లో అక్కడి సర్వోన్నత న్యాయస్థానము ఆ నిషేధమును కొట్టివేసెను. ప్రతి దేశము తన తీరున నిర్ణయించుకొనును. మన దేశమున ప్రజాప్రాతినిధ్య చట్టమునకు 2009లో చేసిన సవరణ ప్రకారము పోలింగు అన్ని విడతలు ముగియువరకు ఎగ్జిట్ పోల్ ఫలితములు ప్రకటింపరాదు. పోలింగు ముగియుటకు ముందటి 48 గంటలలో అభిప్రాయ సేకరణ ఫలితములను ప్రసారము చేయరాదు. ఉల్లంఘించినవారికి రెండు సంవత్సరముల వరకు జైలుగాని, జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. ఆ దినములలో మీ ఫోనుకు వచ్చు సర్వే పట్టికలను పదిమందికి పంపక మునుపు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడు.

మన దేశమున, మన రాష్ట్రమున

స్వాతంత్ర్యము వచ్చిన కొలదికాలమునకే ఈ విద్య మన దేశమున పాదుకొన్నది. 1950లో జాతీయ నమూనా సర్వే ప్రారంభమైనది. దానికి మూలపురుషుడు మహలనోబిస్. సమాజాభివృద్ధి పథకము 1952లో ప్రారంభమైనప్పుడే, ఆ పథకము గ్రామములలో ఎట్లు సాగుచున్నదో చూచుటకు ప్రణాళికా సంఘము ఒక మూల్యాంకన సంస్థను నెలకొల్పెను. పథకము నడుపువారు వేరు, దానిని పరీక్షించువారు వేరు అను నియమము ఆనాడే పెట్టిరి. ఎరిక్ డ కోస్టా ఢిల్లీలో భారత ప్రజాభిప్రాయ సంస్థను స్థాపించి 1957 సార్వత్రిక ఎన్నికలలో అభిప్రాయ సేకరణ జరిపెను. 1963లో రజనీ కొఠారీ స్థాపించిన అభివృద్ధి సమాజముల అధ్యయన కేంద్రము 1967నుండి దేశవ్యాప్తముగా ఎన్నికల పరిశీలన చేసెను. 1988లో భారత మార్కెటు పరిశోధన సంఘము ఏర్పడి ఈ రంగములోని సంస్థలకు ప్రవర్తనా నియమములు పెట్టినది.

ప్రాంతీయ నాయకత్వమునకు మనకు దగ్గరి ఉదాహరణము ఆ అధ్యయన కేంద్రమునకు చెందిన లోక్‌నీతి అను బృందములో కనిపించును. ఢిల్లీలో కూర్చుండి ఆంధ్రదేశపు మనస్సు తెలిసికొనుట కష్టమని గ్రహించి, వారు ప్రతి రాష్ట్రమునకు ఒక సమన్వయకర్తను ఏర్పరచుకొనిరి. ఆంధ్రప్రదేశ్‌లో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయములో రాజనీతిశాస్త్రము బోధించిన ఆచార్య కె.సి. సూరి ఆ బాధ్యత వహించిరి. 2004 సార్వత్రిక ఎన్నికలప్పుడు దేశమంతట 27 వేలమందికి మించి ఓటర్లను ఈ బృందము కలిసికొనెను.

వారి పద్ధతి సర్పంచులకు ఆసక్తి కలిగించును. ముందు నియోజకవర్గములను, పిదప పోలింగు కేంద్రములను, ఆపైన ఓటర్ల జాబితానుండి పేర్లను లెక్క ప్రకారము ఎన్నుకొందురు. ఆ పేరుగల మనిషినే వెదకికొని ఇంటికి పోవుదురు. ఇంటి అరుగుమీద ఉన్నవానిని అడిగి సరిపెట్టుకొనుట లేదు. అడుగువారు ఎక్కువగా శిక్షణ పొందిన విద్యార్థులు. ప్రశ్నలు తెలుగులోనే ఉండును. ఎవరికి ఓటు వేసితివని నోటితో అడుగరు. నమూనా బ్యాలెట్టు కాగితమిచ్చి, గురుతు పెట్టి మడిచి పెట్టెలో వేయుమందురు. భయపడువానికిని, మొగమాటపడువానికిని రహస్యము దక్కును. ఇట్టి క్రమశిక్షణను ఊరూరా నిలుపుటయే ప్రాంతీయ నాయకుని పని. ఆయన పేరు టెలివిజనులో రానక్కరలేదు. ఒక విద్యార్థి చెట్టుక్రింద కూర్చుండి కాగితములు తానే నింపివేయకుండ చూచుటలోనే ఆయన నాయకత్వము ఉన్నది.

ఇంతచేసినను లెక్కకు హద్దులున్నవి. 2004లో ఢిల్లీ పాలకపక్షము తిరిగి వచ్చునని పెక్కు సర్వేలు చెప్పినవి, రాలేదు. 2024లో పాలక కూటమికి 350కి మించి స్థానములు వచ్చునని పెక్కు ఎగ్జిట్ పోల్స్ చెప్పినవి, 293 వచ్చినవి. అంతదూరము పోనేల? మీ గిద్దలూరు శాసనసభ నియోజకవర్గమునే చూడుడు. 2019లో గెలుపు తేడా 80 వేల ఓట్లకు మించినది. 2024లో అదే నియోజకవర్గమున తేడా వేయి ఓట్లకు లోపు. 80 వేల తేడాను ఏ సర్వేయైనను పట్టగలదు. సుమారు రెండు లక్షల ఓట్లలో వేయి ఓట్ల తేడాను వేయిమందిని అడిగి చెప్పగలనన్నవాడు జోస్యము చెప్పుచున్నాడే కాని పరిశోధన చేయుటలేదు. ఇది చెప్పలేము అని ఒప్పుకొనుటకూడ ఈ వృత్తిలో నాయకత్వ లక్షణమే.

మన ఊరిలో ఎట్లు అడుగవలెను

ఇక మన పనికి వత్తము. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతమునకు మంచినీరే పెద్ద సమస్య. బోరునీటిలో ఫ్లోరైడు పెక్కు గ్రామములను బాధించినది. ఒక ఊరిని ఊహింతము. 600 ఇండ్లు. శుద్ధినీటి కేంద్రము ఒకటి మంజూరైనది. బస్సు నిలుచు కూడలివద్ద పెట్టవలెనా, కాలనీవైపు పెట్టవలెనా? కూడలిలో కూర్చున్నవారిని అడిగినచో కూడలి అందురు. బిందె మోయు స్త్రీ ఆ వేళ కూడలిలో ఉండదు. ఫోనులో అడిగినచో ఫోను ఎవరి చేతిలో ఉన్నదో వారి మాటయే వచ్చును. కూలికి పోయిన కోడలి మాట, కంటిచూపు తగ్గిన ముసలమ్మ మాట రావు. అట్టి లెక్క తీసికొని ఊరంతయు కోరినదని తీర్మానము వ్రాసినచో, కాలనీ స్త్రీలు ఏండ్ల తరబడి అదనముగా నడువవలసి వచ్చును.

దీనికి ఖర్చులేని ఉపాయము కలదు. పంచాయతీలోని ఇండ్ల జాబితా తీయుడు. ఒకటి మొదలు పది వరకు చీట్లు వ్రాసి ఒక బాలునిచేత ఒకటి తీయించుడు. ఏడు వచ్చినదనుకొందము. 7, 17, 27 ఇట్లు ప్రతి పదవ ఇల్లు తీసినచో 60 ఇండ్లు వచ్చును. ఒక ఇంట స్త్రీని, తరువాతి ఇంట పురుషుని అడుగుడు. ఇల్లు తాళము వేసి ఉన్నచో మరునాడు, ఆ మరునాడు తిరిగి పోవుడు, పక్కింటివానిని అడిగి లెక్క నింపవద్దు. ఒక వార్డు సభ్యుడు తన వార్డులో తానే అడుగరాదు. ఆయన ముందు ఎవరును మనసు విప్పరు. పొరుగు వార్డువారినో, కళాశాలలో చదువు విద్యార్థినో పంపుడు.

ప్రశ్నలోని మాటలు తూచి వ్రాయవలెను. "అందరికి అనుకూలమైన కూడలిలో పెట్టుట మీకు ఇష్టమేనా?" అని అడిగినచో జవాబును మనమే చెప్పినట్లు. "కేంద్రము ఎక్కడ పెట్టిన మీకు ఉపయోగము? కూడలియా, కాలనీయా?" అని అడుగవలెను. సగము ఇండ్లలో కూడలి పేరు ముందు, సగము ఇండ్లలో కాలనీ పేరు ముందు చెప్పినచో ఇంకను మంచిది. కులమునకో, పార్టీకో సంబంధించిన మొగమాటము ఉన్నచో, చీటీ మీద గురుతు పెట్టి డబ్బాలో వేయించుడు.

లెక్క వచ్చిన పిదప తొందరపడరాదు. 60 ఇండ్ల లెక్కలో అటునిటు సుమారు 12 శాతము తేడా ఉండవచ్చును. 33 మంది ఒకవైపు, 27 మంది మరియొకవైపు చెప్పినచో ఊరు రెండు మనస్సులతో ఉన్నదనియే అర్థము. గెలిచితిమని చాటింపు వేయరాదు. 48 మంది ఒకవైపు, 12 మంది రెండవవైపు ఉన్నచో ధైర్యముగా చెప్పవచ్చును. అప్పుడుకూడ ఆ 12 మంది ఎవరో చూడవలెను. వారందరును ఒకే వీధివారైనచో వారి కష్టము ప్రత్యేకమైనది. దానికి వేరు ఉపాయము వెదకవలెను. లెక్క ఎక్కువమంది మాట చెప్పును. న్యాయము తక్కువమందినికూడ చూడవలెను.

చివరకు లెక్కను పంచాయతీ కార్యాలయపు గోడమీద అంటింపుడు. ఎవరు అడిగిరి, ఎన్నడు అడిగిరి, ఎన్ని ఇండ్లు, ఎన్ని తాళములు, ఎందరు చెప్పమనిరి, ప్రశ్న ఏమి, జవాబు ఏమి అన్నియు వ్రాయుడు. ఇది గ్రామసభకు బదులు కాదు. 1994 పంచాయతీరాజ్ చట్టము గ్రామసభకు స్థానము కల్పించినది. ఊరి ఓటర్లందరును దానిలో సభ్యులే. 2024 ఆగస్టు 23న రాష్ట్రములోని 13,326 పంచాయతీలలో ఒకే దినమున గ్రామసభలు జరిగినవి. సభలో నోరుగలవాడు మాటలాడును, సర్వేలో నోరులేనివాని మాటకూడ వినవచ్చును. రెండును కలిసినప్పుడే ఊరిమాట తెలియును.

మా శాఖకును ఇదే కొలబద్ద

నేను ప్రభుత్వ ప్రచారాధికారిని. ఫలానా పథకముతో ఇంత శాతము ప్రజలు తృప్తి చెందిరని మా పత్రములలో అంకెలు వచ్చును. మీరు మమ్ము అడుగుటకు హక్కు కలదు. ఫోను ఎత్తినవారెందరు, ఎత్తనివారెందరు, ఎవరి నంబర్లకు చేసిరి, ఏ మాటలతో అడిగిరి అని ప్రశ్నింపుడు. ఈ ప్రశ్న అధికారిపై అవిశ్వాసము కాదు. చీకటిలో ఉన్న అంకెను వెలుతురులోకి తెచ్చుట. ప్రజలడుగు అలవాటు చేసికొన్నచో చెప్పువాడు సరిగా లెక్కించు అలవాటు చేసికొనును.

ఇంతవరకు చెప్పినదానిని క్లుప్తముగా కూర్చి విన్నవించెదను. అభిప్రాయ పరిశోధకుల సంఘనాయకునికి సైన్యము లేదు, ఖజానా లేదు, శిక్షించు అధికారము చాల స్వల్పము. ఆయన బలమంతయు మూడు విషయములలో ఉన్నది. తప్పు జరిగినప్పుడు తానే ముందుగా పరిశీలించుట. లెక్కను అందరికి విప్పి చూపుట, చూపనివాడు ఎంత పెద్దవాడైనను పేర్కొని చెప్పుట. పైనుండి ఒత్తిడి వచ్చినప్పుడు అంకెను మార్చకుండుట. సర్పంచికిని, వార్డు సభ్యునికిని ఉన్న నిజమైన బలముకూడ ఇదియే. నిధులు వచ్చును, పోవును. పదవీకాలము ఐదేండ్లతో తీరును. ఈయన మా మాట అడిగెను, అడిగినదానిని దాచలేదు అను పేరు మాత్రము ఊరిలో నిలిచియుండును.

రాబోవు గ్రామసభకు ముందుగా మీ పంచాయతీలో ఒక్క విషయమును ఎన్నుకొని, చీటీ తీసి, ప్రతి పదవ ఇంటిని అడిగి చూడుడు. ఆ కాగితమును గోడమీద పెట్టుడు. మీ ఊరి మనస్సు మీకే కొత్తగా కనిపింపవచ్చును.